గాలి ఎటునుంచి వచ్చింది?

"నేనే మూశానండీ. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

"ఒక్కసారి చెప్పినా చాలు బాబూ. మూశాను మూశాను అంటున్నావు గానీ, ఏం మూశావో, ఎందుకు మూశావో చెప్పడం లేదు," అంది ఆరా.

స్టేషన్‌లో వెనకవైపు గది అది. బల్లకి ఇటు ఆరా, అటు పాతికేళ్ల కుర్రాడు. తెల్లవారకముందు ఊపిరి అందక లేచి కూర్చుని, నీలంగా మారిన పెదవులతో ఆస్పత్రికి చేరిన వెల్డర్‌కి బావమరిది అతను. గుమ్మానికి ఆనుకుని, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ అడ్డంగా, ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

ఆరా అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా ఒక అర మారినా, ఎవరు మార్చారని ఇల్లంతా తిరిగి అడిగేదట. వాళ్ల నాన్న విసుగెత్తి పెట్టిన పేరు అది. ఆవిడకి యాభై దాటినా అదే నిలిచిపోయింది. అగ్నిమాపక శాఖ ఉద్యోగం వదిలాక, నాలుగు మెతుకులు పెట్టే వృత్తి కూడా ఆ ఆరా తియ్యడమే అయింది.

ఆరా ఈ పొద్దున ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. వెల్డర్ భార్య అక్కడ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "ఆయన ఒంట్లోకి ఏం పోయిందో డాక్టర్లకి అంతుపట్టడం లేదండీ. ఏం పోయిందో తెలిస్తే గానీ ఏం చెయ్యాలో తెలీదంటున్నారు. అది తేల్చండి. మా తమ్ముడు ఏం చేశాడో, చెయ్యలేదో అదీ తేల్చండి. ఏది ముందని మాత్రం నన్నడక్కండి," అంది. ఆవిడ గొంతులో ఏడుపు కూడా లేదు. అంతా ఎండిపోయింది.

"మేం వెల్డింగ్ చేసే గ్యారేజీలో షట్టర్ పక్కన, నేలకి జానెడెత్తున ఒక జాలీ ఉంటుంది," అన్నాడు కుర్రాడు నెమ్మదిగా. "బయటి గాలి లోపలికి రావడానికి బావ పెట్టించాడు. దానికి ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి స్క్రూలు బిగించేశాను."

"ఎందుకు?"

"లోపలున్నవాడికి ఊపిరాడకూడదని. నన్నడిగితే నేను చెప్తాగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మిమ్మల్నీ అడుగుతాను ఇన్‌స్పెక్టరు గారూ. మీ వంతు రానివ్వండి." ఆరా కళ్లు కుర్రాడి మీదనుంచి కదల్లేదు. "మూసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"లోపలే."

"షట్టర్?"

"ఎప్పుడూ దించే ఉంటుంది. మంట వెలుగు కళ్లల్లో పడుతోందని ఎదురింటివాళ్లు గొడవ చేస్తారు."

ఆరా అప్పుడు తల తిప్పింది. "విన్నారా? ఊపిరాడకుండా చెయ్యాలనుకున్నవాడు తను కూడా అదే గదిలో కూర్చున్నాడట."

"వినకేం. అందుకే జాలీ సంగతి నేను నమ్మలేదు." ఇన్‌స్పెక్టర్ చిన్నగా నవ్వాడు. "అది నాటకం మేడమ్. పొగ వల్ల పోయాడని జనం అనుకోవాలి, అంతే. పని మధ్యలో బావకి టీ తెచ్చిచ్చింది ఇతనే. అసలు కథ ఆ టీలో ఉంది. గ్లాసు పరీక్షకి పంపాను. అంతకుముందే ఇద్దరూ పెద్ద గొంతులతో పోట్లాడుకున్నారు. పక్క షాపాయన విన్నాడు. ఒకే గదిలో, ఒకే గాలి పీల్చిన ఇద్దర్లో ఒకడు పొద్దున్నే పడిపోయాడు, ఒకడు మీ ఎదురుగా దుక్కలా కూర్చున్నాడు. పొగయితే ఇద్దర్నీ పడగొట్టాలి. టీ అయితే ఒక్కణ్ణే పడగొడుతుంది. కాదంటారా?"

ఆరా కాదనలేకపోయింది. పైకి గొంతు చేసుకునే మనిషే గానీ తెలివితక్కువవాడు కాదు ఇన్‌స్పెక్టర్. కిందటేడు ఒక దొంగతనం కేసులో ఆవిడ వేలు పెట్టి అతని లెక్క తప్పని తేల్చిందని ఇప్పటికీ గుర్రుగా ఉన్నాడు.

"పోట్లాట దేనిమీద బాబూ?"

కుర్రాడు తన గోళ్లు చూసుకున్నాడు. "అతుకు మీదండీ. పార్కుకి ఉయ్యాల స్టాండ్ చేస్తున్నాం. నేను వేసిన అతుకు నిండా సన్న సన్న చిల్లులు పడ్డాయి. జల్లెడలా. నీ చెయ్యి ఇంకా కుదురుకోలేదురా అన్నాడు బావ. నా చెయ్యి బాగానే ఉంది, జాలీలోంచి వచ్చే గాలికి, అతుకుని కాపాడాల్సిన సిలిండర్ గ్యాస్ దాని మీద నిలవకుండా కొట్టుకుపోతోంది, అందుకే చిల్లులన్నాను. చేతకానితనం గాలిమీదికి తోస్తావేంట్రా అన్నాడు. నాకు ఎక్కడో మండింది. రుజువు చేస్తా చూడమని మూసేశాను."

"మూశాక?"

"అద్దంలా వచ్చిందండీ అతుకు. బావ టార్చ్ లైటేసి చూసి నవ్వేశాడు. నువ్వే నెగ్గావురా అన్నాడు. రాత్రి అన్నం దగ్గర అక్కకి కూడా చెప్పి మురిసిపోయాడు." అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "మాట నెగ్గించుకోడానికి మనిషిని చంపుకున్నానండీ నేను."

"ఇంకా ఎవరూ చావలేదు," అంది ఆరా గట్టిగానే. "ఇది చెప్పు. జాలీ మూశాక గదిలో పొగ నిలిచిందా?"

"లేదు. ఫ్యాన్ ఎప్పట్లాగే లాగేసింది. పొగ నిలిచుంటే నేనే ప్లైవుడ్ పీకి పారేసేవాణ్ణి కదండీ. కాస్త కళ్లు మండాయి, అంతే. తడిసి మాగిన గడ్డి వాసన లాంటిది వచ్చింది. బయటెక్కడో అనుకున్నాం."

"మీ బావ ఎక్కడున్నాడప్పుడు?"

"బల్ల దగ్గర. నేను షట్టర్ దగ్గర గ్రైండింగ్ చేస్తూ, వస్తూ పోతూ ఉన్నాను."

ఆరా లేచింది. మాగిన గడ్డి. ఈ మాట ఎక్కడో విన్నది. ఎక్కడో మాత్రం అందడం లేదు. నాలుక చివర కూర్చుని దిగనంటోంది.

"గ్యారేజీ చూడాలి," అంది.

"చూద్దురుగాని. మళ్లీ నేను చూపించలేదనే మాటెందుకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తాళాలు తీస్తూ.

*

ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీ అది. ఒక కారు పట్టే చోటు, కారు మాత్రం లేదు. మధ్యలో ఇనప బల్ల, దాని మీద సగం పూర్తయిన ఉయ్యాల స్టాండ్. కుడివైపు గోడకి పైన ఫ్యాన్, దానికి రేకుతో చేసిన గొట్టం, గొట్టం చివర బల్లకి ఎదురుగా గొడుగులాంటి మూత. ఎడమవైపు గోడకి సామాన్ల ఇనప అర. పోలీసులు తెల్లారి వచ్చినప్పుడే గ్యాస్ సిలిండర్లూ, వెల్డింగ్ మెషినూ పట్టుకుపోయారు. నేలమీద వాటి జాడలు మిగిలాయి.

గొడుగు దగ్గర ఆరా కాసేపు ఆగింది. రేకు అంచులు చేతికి గీసుకోకుండా మడిచి ఉన్నాయి. దుమ్ము తుడవడానికి వీలుగా వల ఊడి వచ్చేలా అమర్చాడు వెల్డర్. మెషిన్ కొనకముందే, కూడబెట్టి మరీ ఆయన ఈ ఫ్యాన్ పెట్టించాడని భార్య చెప్పింది. ఇంత జాగ్రత్తపరుడికే ఇలా ఎందుకు రాసిపెట్టాడో ఆ పైవాడు, అనుకుంది. పైవాణ్ణి ప్రశ్నించడం ఆవిడకి అలవాటే. జవాబు రాకపోతే కోపం తెచ్చుకోవడం మాత్రం మానేసి చాలా ఏళ్లయింది.

బల్లమీద రెండు ఇనప ముక్కలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని అతుకు పురుగులు తొలిచినట్టుంది. రెండోదాని అతుకు నున్నగా, చేపపొలుసుల్లా వరసగా ఉంది.

"కుర్రాడు చెప్పింది ఇక్కడిదాకా నిజమే," అంది.

"ఇక్కడిదాకా నేనూ కాదనలేదు. గొడవ జరిగిందనేగా నేననేది."

ఆరా ఉయ్యాల స్టాండ్ చుట్టూ తిరిగింది. నిన్న సాయంత్రం గ్రైండర్ పట్టి మెరిపించిన కాళ్లు అవి. కుడివైపునుంచి చూస్తే వెండిలా ఉన్నాయి. ఎడమవైపునుంచి చూస్తే ఎర్రగా తుప్పు పొడి. ఆవిడ వేలితో రాసి, ఆ వేలు ఇన్‌స్పెక్టర్‌కి చూపించింది.

"ఇనుముకి తుప్పు పట్టడం కూడా నేరమేనా మేడమ్?"

"ఒక్క పూటలో, ఒక్క వైపే పట్టడం విచిత్రం. వాన లేదు. తడి లేదు. తడి తగిలితే రెండువైపులా తగలాలి." ఆవిడ సంచిలోంచి ఒక నూలుపోగూ, అగ్గిపెట్టె తీసింది. "షట్టర్ దించండి. ప్లైవుడ్ అలాగే ఉంచండి. ఫ్యాన్ వెయ్యండి."

"ఇద్దరం లోపలుండగానా?"

"భయమెందుకు? విషం టీలో కదా ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఒక్క చూపు చూసి, షట్టర్ గలగలలాడించి కిందికి లాగాడు. స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది, కానీ హాయిగా తిరగలేదు. గొంతు పట్టుకున్నట్టు ఒక మూలుగు. షట్టర్ రేకులు లోపలికి గుంజుకుని టకటకమని కొట్టుకున్నాయి. ఆరా నూలుపోగు అంటించి, మంట ఊది, పొగ రానిచ్చింది. గొడుగుకి జానెడు దూరంలో పెట్టింది. పొగ గొడుగులోకి పోలేదు. పైకి లేచి, తోవ తెలీనట్టు అక్కడే చుట్టలు తిరిగింది.

"లాగడం లేదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎలా లాగుతుంది? బయటికి పంపినంత గాలీ లోపలికి రావాలి. వచ్చే దారి మూసేస్తే ఫ్యాన్ ఎంత గింజుకున్నా దేన్ని బయటికి తోస్తుంది?"

"నేను చెప్పిందే కదా ఇది. కుర్రాడు అబద్ధమాడాడు. ఫ్యాన్ ఎప్పట్లాగే లాగిందన్నాడుగా."

"అబద్ధమాడేవాడు తనకి పనికొచ్చేది ఆడతాడు. గది నిండా పొగ నిండిపోయిందని చెబితే ఇది ప్రమాదమైపోయేది, అతను ఇంటికి పోయేవాడు. పొగ లేదని చెప్పి తన మెడకి తనే చుట్టుకున్నాడు. అంటే నిజమే చెప్పాడు." ఆవిడ మాటల్లో వేగం పెరిగింది. "నిన్న ఇదే ఫ్యాన్. ఇదే షట్టర్. ఇదే ప్లైవుడ్. నిన్న లాగింది, ఈ రోజు లాగడం లేదు. మధ్యలో ఏం మారింది?"

ఇన్‌స్పెక్టర్ ఫ్యాన్‌వైపు చూశాడు. అతను తెలివైనవాడే. ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. "ఇంకో దారి ఉండాలి," అన్నాడు. "నిన్న తెరిచుంది. ఈ రోజు ఎవరో మూశారు."

"పొద్దుటినుంచి ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

"పురుగు కూడా రాలేదు. మావాడు బయట కాపలా ఉన్నాడు."

"అయితే బయటినుంచే మూశారు. పట్టండి ఈ అర."

తుప్పు పట్టిన వైపు ఎడమవైపు. ఎడమవైపు ఉన్నది ఆ సామాన్ల అర. ఇద్దరూ చెరో పక్క పట్టి జరిపారు. కింది వరసలో వెనక్కి ఉన్న స్క్రూల డబ్బా మొత్తం ఎర్రబారిపోయి ఉంది. దాని వెనక, గోడ మొదట్లో, పిడికిలి పట్టేంత కన్నం. కింద కాస్త ఇటుక పొడి. ఆరా నేలమీద బోర్లా పడుకుని టార్చ్ వేసింది. కన్నం చివర అవతలివైపు బూడిదరంగులో తడిగా మెరిసింది. పెన్ను పెట్టి పొడిచి, బయటికి తీసింది. మొనకి పచ్చి సిమెంటు.

"గోడకి అటువైపు ఎవరుంటారు?"

ఇన్‌స్పెక్టర్ ముఖం మారింది. "డ్రై క్లీనింగ్ షాపు. పోట్లాట విన్నానని పొద్దున్నే వచ్చి మాకు చెప్పింది ఆయనే."

*

షాపాయనకి అరవై పైనే ఉంటాయి. నలగని తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు కత్తుల్లా ఉన్నాయి. వెనకగదిలో పెద్ద మెషిన్, దాని పక్కన డబ్బాలు. కిటికీ లేదు. లోపల అడుగు పెట్టగానే ముక్కుకి తియ్యటి ఘాటు తగిలింది.

"రండమ్మా. చొక్కాలా, కర్టెన్లా?"

"కన్నం," అంది ఆరా.

"కన్నమా? ఏ కన్నం? ఎలక చేసుంటుంది."

"సిమెంటు కూడా ఎలకే పూసిందా బాబాయిగారూ? దాని గోళ్లకి అంటుకున్నట్టే మీ గోళ్లకీ అంటుకుంది చూడండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ మెషిన్ వెనక్కి పోయి, బట్టల మూట కాలితో జరిపి, "ఇక్కడుంది," అన్నాడు. తాపీపనివాడు చూస్తే సిగ్గుపడేలా పూసిన సిమెంటు, చుట్టూ వేళ్ల గుర్తులతో.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నా గదికి కిటికీ లేదమ్మా. మధ్యాహ్నమయ్యేసరికి తల తిరిగిపోయేది. అటువైపు ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కదా. చిన్న కన్నం పెడితే ఈ ఘాటు కాస్తా అటు పోతుందని పెట్టా. నెలైంది. హాయిగా ఉంది. ఎవరికేం నష్టం అనుకున్నా."

"ఆయన్నొక మాట అడిగుండొచ్చుగా?"

"అడగొచ్చు. వద్దంటాడేమోనని."

"నిన్న ఏం జరిగింది?"

"ఏమీ లేదమ్మా."

"బాబాయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒక్క మాటే. ఆ మాట అనడంలోనే లాకప్ తలుపు చప్పుడు వినిపించింది.

"మెషిన్ తలుపుకి రబ్బరు చిరిగింది. బట్టలు శుభ్రం చేసే మందు కింద ఒలికిపోయింది. సగం డబ్బా పైనే. గుడ్డతో అద్దుతూ కూర్చున్నా. అయినా అదృష్టం, నిన్న కన్నంలోంచి గాలి భలే లాగిందమ్మా. ఎప్పుడూ అంత లాగదు. ఈల వేసినట్టు చప్పుడు కూడా వచ్చింది. నిమిషాల్లో గది శుభ్రమైపోయింది."

ఆరా, ఇన్‌స్పెక్టర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నెలరోజులుగా జాలీ తెరిచి ఉంది కాబట్టి ఫ్యాన్ బయటి గాలి తాగింది, ఈ కన్నంలోంచి గుటకో రెండు గుటకలో. నిన్న జాలీ మూయగానే, దానికి ఈ ఒక్క నోరే మిగిలింది. ఈ గదిలోని ఘాటంతా గోడ దాటి, బల్ల మీదుగా, వెల్డర్ ముఖం ముందునుంచి గొడుగులోకి పోయింది.

"మరి పొద్దున్నే మూసేశారెందుకు?" అంది ఆరా.

"ఆయన్ని మోసుకుపోతుంటే చూశాను. భయమేసింది." ఆయన కళ్లు నేలమీదే ఉన్నాయి. "ఈ మందు అంత చెడ్డది కాదమ్మా. నేను ఇరవై ఏళ్లుగా పీలుస్తున్నా. తలనొప్పి వస్తుంది, పోతుంది."

అదీ నిజమే. ఆరా డబ్బా ఎత్తి, మీద రాసింది చదివింది. చదువుతుండగానే నాలుక చివరి మాట దిగింది. అగ్నిమాపక శాఖలో పనిచేసిన రోజుల్లో, ఒక శిక్షణ తరగతిలో, బట్టతల ఉపాధ్యాయుడొకాయన బల్ల గుద్ది చెప్పిన మాట. ఈ ఆవిరి ఉన్నచోట వెల్డింగ్ చెయ్యకండి. ఆ మంటా, ఆ వెలుగూ తగిలితే ఇది ఇంకొకటిగా మారుతుంది. దాని పేరు ఫాస్జీన్, ప్రాణం తీసే విషవాయువు. మాగిన గడ్డి వాసన వస్తే వెనక్కి చూడకుండా పరిగెత్తండి. దాంతోపాటు పుట్టే ఆమ్లానికి కొత్త ఇనుము పూటలో తుప్పు పడుతుంది.

ఆవిడ డబ్బా కింద పెట్టేసింది. ఫోన్ తీసి ఆస్పత్రిలో ఉన్న వెల్డర్ భార్యకి కలిపింది. మొదటి రింగుకే ఎత్తింది.

"తెలిసిందాండీ?"

"తెలిసిందమ్మా. డాక్టరమ్మకివ్వు. త్వరగా."

డాక్టరమ్మ విన్నది. మధ్యలో ఒకే ఒక ప్రశ్న వేసింది, గడ్డి వాసన అని ఎవరన్నారని. తర్వాత అవతల ఎవరికో గబగబా ఏవో పురమాయించడం వినిపించింది. మళ్లీ లైన్లోకి వచ్చింది. "మంచి పని చేశారు. మేమింకా కడుపులోకి ఏదో పోయిందనుకుని దానికి చూస్తున్నాం. ఇది ఊపిరితిత్తుల్లోకి నీరు దింపుతుంది. ఇప్పుడు దారి తెలిసింది, ఆయన కోసం చెయ్యగలిగింది చేస్తాం. ఇంకెవరైనా పీల్చారా అది?"

"బావమరిది ఉన్నాడు అదే గదిలో. కానీ అతను బాగానే ఉన్నాడు. పొద్దున నేనే మాట్లాడాను."

"బాగానే ఉంటారు. అదే దీంతో వచ్చిన చిక్కు. ఎంత పీలిస్తే అంత త్వరగా బయటపడుతుంది. తక్కువ పీల్చినవాళ్లకి ఆలస్యంగా. ఒక రోజంతా కూడా పట్టొచ్చు. అప్పటిదాకా తింటారు, తిరుగుతారు. ఆయన్ని వెంటనే తీసుకురండి. నడిపించకండి. మెట్లు ఎక్కనివ్వకండి, బరువు ఎత్తనివ్వకండి. ఒంటికి శ్రమ తగిలితే గంటల్లో రావలసింది నిమిషాల్లో వచ్చేస్తుంది. వింటున్నారా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. ఇన్‌స్పెక్టర్ కూడా విన్నాడు. ఆరా అతనివైపు తిరిగేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడున్నాడు అబ్బాయి?"

"స్టేషన్లోనే."

"లాకప్‌లోనే కదా? కూర్చునే ఉన్నాడు కదా?"

"సిలిండర్లు, మెషిను కింద వరండాలో పడున్నాయి. పై అంతస్తులో సామాన్ల గదికి చేర్చమన్నాను." అతను పెదవులు తడుపుకున్నాడు. "స్టేషన్లో కానిస్టేబుల్‌కి ఒక చెయ్యి సాయం ఉంటుందని... వాణ్ణి కూడా తీసుకోమన్నాను. ఊరికే కూర్చోబెట్టి మేపడమెందుకన్నాను మేడమ్. నా నోటితోనే అన్నాను."

అప్పటికే అతను ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. రెండు చేతులతో సిలిండర్ పట్టుకున్నవాడు ఫోన్ ఎలా ఎత్తుతాడు?

*

ఇద్దరూ పరుగున వచ్చి జీపెక్కారు. ఇన్‌స్పెక్టర్ తనే నడిపాడు. అడ్డమొచ్చిన ప్రతిదానికీ మోగిస్తూ, హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఆరా ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో స్టేషన్ నంబరుకి చేస్తూనే ఉంది. పెదవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఊపిరి పోసేది నువ్వేనంటారు స్వామీ. అందరికీ ఒకేలా ఇచ్చిన గాలిని గోడకి కన్నం పెట్టి ఒకడు ఇటు తోశాడు, మాట నెగ్గాలని ఒకడు దారి మూశాడు. ఎవరి తప్పని నిన్నడగాలో నాకు తెలీదు. అడగడం తర్వాత. ముందు ఆ పిల్లాణ్ణి ఎక్కడున్నవాణ్ణి అక్కడ కూర్చోబెట్టు.

"గ్లాసు పరీక్షలో ఏదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చునేవాణ్ణి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"ఇప్పుడవి వద్దు. ముందు చూసి నడపండి."

"ఒకే గాలి పీల్చిన ఇద్దర్లో ఒకడే పడ్డాడని మీతో వాదించాను."

"మంచి వాదనే అది. నా దగ్గర జవాబు లేకపోయింది. కుడివైపు తిప్పండి."

స్టేషన్ ముందు జీపు ఆగకముందే ఆరా దూకింది. యాభై దాటిన మోకాళ్లు ఆ సంగతి మరిచిపోయాయి. వరండాలో వెల్డింగ్ మెషిన్ లేదు. ఒక సిలిండర్ లేదు. రెండోది కూడా లేదు. పక్కన ఇరుకు మెట్లు. పైనుంచి ఇనుము గోడకి రాసుకున్న చప్పుడూ, "నెమ్మది నెమ్మది, నీవైపు ఎత్తు," అంటున్న కానిస్టేబుల్ గొంతూ వినిపించాయి.

మెట్ల మలుపు దగ్గర కనిపించారు. పైమెట్టు మీద కానిస్టేబుల్ సిలిండర్ మెడ పట్టుకున్నాడు. బరువంతా పడే కిందివైపు కుర్రాడు, భుజం ఆనించి, దవడ బిగించి. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఆగండి. ఎక్కడివాళ్లక్కడ ఆగండి," అంది ఆరా.

ఆగారు. కానీ దించే వీలు లేదు. కుర్రాడు వదిలితే సిలిండర్ అతని మీదుగానే దొర్లుతుంది.

"ఇదే ఆఖరుదండీ. ఇంకో నాలుగు మెట్లు," అన్నాడు కుర్రాడు. "పెట్టేసి వస్తాను."

"ఒక్క మెట్టు కూడా వద్దు నాయనా. కదలకు."

ఆవిణ్ణి ఒరుసుకుంటూ ఇన్‌స్పెక్టర్ పైకి దూసుకుపోయాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. సిలిండర్ కింద తన భుజం దూర్చి, కుర్రాణ్ణి మోచేత్తో పక్కకి నెట్టి, బరువంతా తనమీదికి తీసుకున్నాడు. "కూర్చోరా," అన్నాడు పళ్లబిగువున. "కూర్చో బాబూ. దయచేసి కూర్చో."

కుర్రాడు బిత్తరపోయి గోడకి ఆనుకుని మెట్టు మీద జారగిలబడ్డాడు. పొద్దున తనని చొక్కా పట్టుకుని తెచ్చిన మనిషి దయచేసి అంటున్నాడు. ఇందులో ఏదో కొత్త మోసం ఉందేమోనని అతని కళ్లు ఆరా ముఖంలో వెతికాయి.

"బావ పోయాడా?" అన్నాడు.

"లేదు. ఉన్నాడు. ఏం పీల్చాడో తెలిసింది, దానికి తగ్గ వైద్యం మొదలైంది." ఆరా అతని పక్కన అదే మెట్టు మీద కూర్చుని, అతని మణికట్టు పట్టుకుంది. నాడి గుర్రంలా పరిగెడుతోంది. "పక్క షాపు గోడకి కన్నం ఉంది. ఆ షాపులోంచి వచ్చింది విషం. నీ టీలోంచి కాదు. నీ చేతిలోంచి కాదు. నువ్వు చంపలేదు నాయనా, విన్నావా? నీ పొరపాటు ఒక్క ప్లైవుడ్ ముక్కే."

అతను ఆ మాటలు ఒక్కొక్కటే లోపలికి పోనిచ్చుకున్నట్టు చూశాడు. "నేను కాదా?" అన్నాడు. "అక్కకి తెలుసా?"

"ఇప్పుడే చెప్తాను."

అతని ముఖం వదులైంది. తెల్లవారకముందునుంచి గుండెలమీద పెట్టుకున్నదేదో దిగిపోయినట్టు భుజాలు జారాయి. వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఒక పెద్ద ఊపిరి తీసుకోబోయాడు.

అది సగంలో ఆగిపోయింది.

కుర్రాడు కళ్లు తెరిచాడు. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి అంత దూరం కూడా పోలేదు. అతని ఛాతీ లోపల, ఎక్కడో అడుగున, మూతపెట్టిన గిన్నెలో నీళ్లు మరుగుతున్నట్టు సన్నటి చప్పుడు మొదలైంది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు పైనుంచి ఇన్‌స్పెక్టర్, భుజం మీద సిలిండర్‌తో తల కూడా తిప్పలేక.

ఆరా కుర్రాడి చెయ్యి వెలుగులోకి తిప్పింది. ఆవిడ బొటనవేలి కింద కుర్రాడి గోళ్లు నీలంగా మారుతున్నాయి.